ఆంగ్లో-సాక్సన్ బోధన: ఫ్రాన్సిస్ మార్చ్, లాఫాయెట్ కళాశాల

పంతొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో అమెరికా కళాశాలల్లో భాషాధ్యయనమంటే ప్రధానంగా గ్రీకు, లాటిన్ల అధ్యయనమే. ఇంగ్లీషు వక్తృత్వానికీ వ్యాసరచనకూ పరిమితమై ఉండేది. పుట్టుకతో వచ్చిన భాషను కళాశాలలో ప్రత్యేకించి చదవవలసిన అవసరమేమిటన్నది నాటి విద్యావంతుల సందేహం. 1825లో ప్రారంభమైన వర్జీనియా విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలో థామస్ జెఫర్సన్ ఆంగ్లో-సాక్సన్‌కు చోటు కల్పించినా, ఇతర విద్యాసంస్థలు వెంటనే ఆ దారి పట్టలేదు.

ఈ సందేహానికి గట్టి సమాధానం పెన్సిల్వేనియాలోని ఈస్టన్ పట్టణంలో, లాఫాయెట్ అనే చిన్న కళాశాలలో లభించింది. ఆమ్హర్‌స్ట్ కళాశాల పట్టభద్రుడైన ఫ్రాన్సిస్ ఆండ్రూ మార్చ్ (1825-1911) న్యాయవాద వృత్తిని అనారోగ్యంవల్ల విడిచిపెట్టి, 1855లో ఇక్కడ ఉపాధ్యాయుడుగా చేరాడు. 1857లో ఇంగ్లీషు భాషకూ తులనాత్మక భాషాశాస్త్రానికీ ఆచార్యుడయ్యాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వెలువడి అప్పటికి ఒక్క ఏడాదే అయిందన్నది తెలుగు పరిశోధకులు గుర్తుంచుకోదగిన విషయం.

మార్చ్ పద్ధతిలో కొత్తదనం పాఠ్యవిషయంలో కన్న పఠనవేగంలోనే ఎక్కువగా ఉంది. గ్రీకు కావ్యాన్ని పదపదమూ విడదీసి చదివినట్లే మిల్టన్‌నూ షేక్‌స్పియర్‌నూ చదివించాడు. గంటసేపు సాగే పాఠంలో కొన్ని పంక్తులే పూర్తయ్యేవి. ప్రతి పదానికీ వ్యుత్పత్తి, అన్వయం, రూపచరిత్ర చెప్పవలసిన బాధ్యత విద్యార్థిదే. 1865లో ప్రచురించిన బోధనాగ్రంథాన్ని కూడా ఆయన ప్రశ్నల రూపంలోనే కూర్చాడు. ఈ అన్వేషణ ఆధునిక ఇంగ్లీషుతో ఆగిపోదు గనుక ఆంగ్లో-సాక్సన్ అనివార్యమైంది. దానికోసం 1870లో ఆయన తులనాత్మక వ్యాకరణం వెలువరించాడు. అందులో ఆంగ్లో-సాక్సన్ రూపాలను గోథిక్, ప్రాచీన నార్స్, ప్రాచీన హై జర్మన్ వంటి సోదరభాషల రూపాలతోనే కాక గ్రీకు, లాటిన్, సంస్కృత రూపాలతోనూ పోల్చాడు. సంస్కృత ‘పితృ’, లాటిన్ ‘పాతెర్’ శబ్దాల్లోని పకారం గోథిక్ ‘ఫదర్’లో ఫకారమైందని గ్రహించిన విద్యార్థికి, తాను ఇంట్లో పలికే మాట కూడా నియమబద్ధమైన చరిత్ర గలదేనని బోధపడుతుంది. మాతృభాషకు గౌరవం కల్పించడానికి ప్రశంసావాక్యాలకన్న ఈ నిరూపణమే బలమైనది.

ఆ శ్రమ తరగతిగది దాటి కూడా ఫలించింది. తరువాత ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుగా ప్రసిద్ధమైన కోశానికి 1879 నుంచి అమెరికాలో ప్రయోగాలు సేకరించే పాఠకులను సమన్వయపరచిన బాధ్యత మార్చ్‌దే.

అయితే ఈ పద్ధతికి ఒక లోపం లేకపోలేదు. పదచరిత్ర మీద ఇంత దృష్టి నిలిచినచోట కావ్యం కావ్యంగా మిగలడం కష్టం. శతాబ్ది చివరినాటికి, భాషాశాస్త్రం సాహిత్యాన్ని మింగివేస్తున్నదన్న ఆక్షేపణ అమెరికా ఇంగ్లీషు శాఖల్లో బలపడింది. ఆ ఆక్షేపణలో సత్యం ఉంది. కాని ఆక్షేపించిన శాఖలు ఏర్పడడానికి అవసరమైన శాస్త్రగౌరవాన్ని ఇంగ్లీషుకు సంపాదించిపెట్టింది కూడా ఆ పదచరిత్రే.