డిచ్‌పల్లి నూనె సూది, జర్నల్ క్లబ్ ప్రశ్న

ధర్పల్లికి దగ్గర్లోని డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం విక్టోరియా ఆసుపత్రి 1915లో మొదలైంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నిలబెట్టారు. నిజామాబాద్‌కు చెందిన నర్సాగౌడ్ విరాళం వారికి అండగా నిలిచింది. ఊళ్లు వెలివేసిన మనుషులకు అక్కడ నీడ దొరికింది.

1920లలో ఆ రోగులకు ఆశ పెట్టింది హిడ్నోకార్పస్ నూనె. చిక్కటి నూనెను సూదితో ఎక్కించేవారు. నొప్పి ఎక్కువ, చికిత్స నెలల తరబడి సాగేది. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ ఈ వైద్యాన్ని పరీక్షించి, మెరుగుపరచి, ఫలితాలు ప్రచురించారు. మచ్చలు తగ్గిన రోగులు నిజంగానే ఉన్నారు.

అయితే నూనె వల్లే తగ్గాయా?

కుష్ఠులో ఒకటి రెండు మచ్చలతో ఆగిపోయే రకం మందు లేకుండానే మానిపోవచ్చు. అలాంటివారు ఎక్కువగా ఉన్న చోట ఏ మందైనా గొప్పగానే కనిపిస్తుంది. సూది వేయించుకోని వారితో పోల్చి చూస్తే తప్ప నిజం తేలదు.

ఇలాంటి ప్రశ్నలు నలుగురిలో అడగడానికే ఇవాళ జర్నల్ క్లబ్బులు ఉన్నాయి. మొదట్లో వాటి పని వేరు. 1875లో మాంట్రియల్‌లో విలియం ఆస్లర్ క్లబ్బు పెట్టింది ఖరీదైన వైద్య పత్రికలను అందరూ కలిసి కొనుక్కుని చదవడానికి. పత్రికలు చేతికందడం తేలికయ్యాక, వాటిలో రాసింది ఎంతవరకు నమ్మాలో తేల్చడమే అసలు పని అయింది.

క్లబ్బులో ఒక వ్యాసంపై చేసే మంచి ప్రెజెంటేషన్‌కు ప్రాణం అక్కడే ఉంది. వ్యాసాన్ని మొదటి పేజీ నుంచి అప్పజెప్పడం దండగ. రచయితలు ఏం తెలుసుకోవాలనుకున్నారో ముందు రెండు మాటల్లో చెప్పాలి. తర్వాత ముఖ్యమైన పట్టిక ఒక్కటి తెర మీద పెట్టి నిదానంగా చదివించాలి: ఈ గడిలో ఉన్నది ఎవరు, పక్క గడిలో ఎవరు, మధ్యలో మానేసినవాళ్లను ఏ లెక్కలో వేశారు? ఈ మూడూ విప్పి చెబితే వెనక బెంచీలో ఉన్నవాళ్లూ నోరు తెరుస్తారు.

మళ్లీ నూనె కథకు వస్తే, డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో (Lowe), తర్వాత నైజీరియాలోని ఉజుఅకోలిలో కుష్ఠు రోగులకు డాప్సోన్ అనే మందును నోటి ద్వారా ఇచ్చి, ఫలితాలను 1950లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఆ మాత్రలు వచ్చాక నూనె సూదులు మూలకు చేరాయి.

నిజామాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2013లో వచ్చింది. వైద్య పీజీ చదువులో జర్నల్ క్లబ్ తప్పనిసరి. అక్కడి యువ డాక్టర్లు మైకు పట్టుకున్నప్పుడు ముందుగా ఆ డిచ్‌పల్లి ప్రశ్నే అడగాలి: మందు ఇవ్వకపోతే ఏమయ్యేది?