సైటు, ఎండ, మా అబ్బాయి కళ్ళజోడు

మా ఊళ్ళో కళ్ళజోడు పెట్టుకున్న పిల్లల్ని “సోడాబుడ్డీ” అని ఏడిపించేవారు. ఆ భయం నాతోబాటు కౌలాలంపూర్ దాకా వచ్చింది. 1998లో మా ఎనిమిదేళ్ళ అబ్బాయికి మైనస్ ఒకటిన్నర సైటు తేలింది. “పూర్తి పవరు వేయకండి, కళ్ళు దానికే అలవాటు పడిపోతాయి” అని కళ్ళజోళ్ళ షాపాయన్ని నేనే బతిమాలాను. రెండేళ్ళకి అది మూడయింది.

అసలు సైటు ఎందుకు పెరుగుతుందని అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఈ ప్రశ్నని లెక్కలతో అడిగినవాడు జర్మన్ వైద్యుడు హెర్మన్ కోన్. బ్రెస్లావ్ ప్రాంతంలో 10,060 మంది బడిపిల్లల కళ్ళు పరీక్షించి, 1867లో ఫలితాలు ప్రచురించాడు. పల్లె బడుల్లో హ్రస్వదృష్టి తక్కువ. పట్నంలో తరగతి పెరిగేకొద్దీ ఎక్కువ. బల్లలు సరిచెయ్యండి, గదుల్లోకి వెలుతురు రానివ్వండి అన్నాడాయన. తర్వాతి తరాలవారు చాలామంది అంతా వంశపారంపర్యమే అనుకున్నారు.

నా అనుమానానికి జవాబు మేమున్న మలేషియాలోనే దొరికింది. 94 మంది పిల్లల మీద రెండేళ్ళు జరిగిన అధ్యయనం 2002లో అచ్చయింది. పూర్తి పవరు అద్దాలు పెట్టుకున్నవారికి సైటు సగటున 0.77 పెరిగితే, కావాలని తగ్గించి ఇచ్చినవారికి 1.00 పెరిగింది. తేడా చిన్నదే; మావాడికి ఎలాగూ పెరిగేదేమో. కానీ ఆ రెండేళ్ళూ బోర్డు కనిపించక పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకున్నానని వాడు పెద్దయ్యాక చెప్పాడు. ఆ లెక్క ఏ అధ్యయనంలోనూ లేదు.

2008లో మరో సంగతి బయటపడింది. చైనా సంతతికి చెందిన ఆరేడేళ్ళ పిల్లల్లో హ్రస్వదృష్టి సింగపూర్‌లో 29.1 శాతం, సిడ్నీలో 3.3 శాతమే. సిడ్నీ పిల్లలు పుస్తకాలేమీ తక్కువ చదవలేదు. వారానికి దాదాపు 14 గంటలు ఆరుబయట ఉన్నారు. సింగపూర్‌వాళ్ళు మూడు గంటలే. గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా బయటికి పంపితే, మూడేళ్ళలో కొత్తగా సైటు వచ్చినవారు 39.5 నుంచి 30.4 శాతానికి తగ్గారని 2015లో తేలింది. ఒకసారి వచ్చాక పెరుగుదలని నెమ్మదింపజేయడానికి తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకమైన అద్దాలు ఇప్పుడున్నాయి. వచ్చిన సైటుని అవి వెనక్కి తిప్పలేవు.

“ఎండలో తిరక్కు, లోపల కూర్చుని చదువుకో” అని వాణ్ణి కేకలేసిందీ నేనే.

ఇప్పుడు ఐదేళ్ళ మనవరాల్ని రోజూ టోపీ పెట్టి పార్కుకి తీసుకెళ్తున్నాను. ఏడాదికోసారి కళ్ళ పరీక్ష. సైటు వస్తే మాత్రం మొదటి రోజే పూర్తి పవరు వేయిస్తానని మావాడు ముందే చెప్పాడు. నేను మారుమాట్లాడలేదు.