ఆటిజం, మూలకణాలు: నింద నుంచి ఆశ దాకా

ఆటిజం అంటువ్యాధి కాదు, పిచ్చీ కాదు. మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. దీని చరిత్ర చదివితే తల్లిదండ్రులు రెండు రకాలుగా నష్టపోయారని తెలుస్తుంది. మొదట నింద వల్ల, తర్వాత ఆశ వల్ల.

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లలను గమనించి ఆటిజం గురించి రాశాడు. ఆ తర్వాత చాలామంది వైద్యులు తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారన్నారు. ఆ తల్లులకు "ఫ్రిజ్ తల్లులు" అని పేరు కూడా పెట్టారు. ఎంత ఘోరం! 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అది తప్పని పుస్తకం రాశాడు. ఆయన కొడుక్కీ ఆటిజం ఉంది. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ 21 జతల కవలలను పరిశీలించి, ఇందులో వంశపారంపర్యం ఉందని చూపించారు. అయినా "తల్లి పట్టించుకోలేదు" అనే మాట మన ఇళ్ళల్లో ఇంకా వినపడుతూనే ఉంది.

ఇక మూలకణాల సంగతి. ఇవి వేరే రకాల కణాలుగా మారగలవు. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం రక్తజబ్బు ఉన్న 5 ఏళ్ళ బాబుకి, చెల్లెలు పుట్టినప్పుడు దాచిన బొడ్డుతాడు రక్తం ఎక్కించింది. బాబు బతికాడు. రక్తజబ్బులకు పనిచేసింది కదా, ఆటిజానికీ పనిచేస్తుందేమో అనే ఆశ తర్వాత పుట్టింది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం దీన్ని పరీక్షించింది. 2017లో 25 మంది పిల్లల ఫలితాలు వచ్చాయి. ప్రమాదం కనిపించలేదు, పిల్లలు మెరుగయ్యారని కూడా అనిపించింది. కానీ పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. పిల్లలు ఎలాగూ నెలనెలా ఎదుగుతారు, నేర్చుకుంటారు. ఆ మార్పు మందు వల్లా, వయసు వల్లా? అందుకే తర్వాత 180 మందిని తీసుకున్నారు. కొందరికి బొడ్డుతాడు రక్తం, కొందరికి కణాలు లేని ద్రవం ఎక్కించారు. 2020లో ఫలితం వచ్చింది. నలుగురితో కలిసే తీరులో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్తజబ్బులకు తప్ప, అనుమతి పొందిన పరీక్షల బయట మూలకణాల వైద్యం చేయకూడదు. అయినా అప్పు చేసి లక్షలు కట్టడానికి సిద్ధపడే అమ్మానాన్నలు ఉంటారు. వాళ్ళను తెలివితక్కువవాళ్ళని అనకూడదు. బిడ్డ "అమ్మా" అని పిలిస్తే చాలనుకునే మనసు వాళ్ళది.

కాబట్టి ఎవరైనా కొత్త వైద్యం అంటే ఒక ప్రశ్న అడుగుదాం: "దేనితో పోల్చి చూశారు?" ఈలోగా స్పీచ్ థెరపీ, ఓపికగా నేర్పే టీచరు, ఆటలో చోటిచ్చే స్నేహితులు కావాలి. చివరిది మన చేతుల్లోనే ఉంది.