దేవతలు కళాఖండములైన వైనము: పారిస్ నగరమందలి గిమే ప్రదర్శనశాల

యూరపు చిత్రకారులు మేరీమాత వస్త్రమునకు పూయుచు వచ్చిన గాఢనీలవర్ణము, ఆఫ్ఘనిస్థానమునందలి బదక్షాన్ కొండలలో దొరకు లాజవర్దపు రాతిని నూరి తీసినదగుటచే, చిరకాలము సామాన్యుల కందని వెలతో నుండెను. అట్టి నీలమును రసాయనికముగా చౌకలో తయారుచేయువానికి 6000 ఫ్రాంకుల బహుమానమిత్తుమని 1824లో ఫ్రాన్సు దేశపు పరిశ్రమల ప్రోత్సాహక సంఘము ప్రకటింపగా, జాఁ బాప్తిస్త్ గిమే అను ఇంజనీరు 1828లో దానిని గెలుచుకొనెను. మట్టి, సోడా, గంధకము వంటి అల్పద్రవ్యములను కలిపి కాల్చి అతడు సాధించిన ఆ రంగు చిత్రకారుల చేతికే గాక, బట్టలకు పెట్టు నీలిమందై చాకిరేవులకును చేరి, లియోన్ నగర సమీపమున సోన్ నదీతీరమందలి అతని కర్మాగారమును మహాసంపదకు నెలవు గావించెను. ఆ కర్మాగారమున కధిపతియైన కుమారుడు ఎమీల్ గిమే (1836–1918) స్థాపించిన వస్తుప్రదర్శనశాలయే ఈ వ్యాసమునకు విషయము.

ధనికులు కళావస్తువులను సేకరించుట కొత్త గాదు. సేకరణకు వెనుకనున్న ప్రశ్నయే గిమేను తక్కినవారినుండి వేరుపరచుచున్నది. పనివారి సుఖమును గూర్చి ఆలోచించుచు, మానవులకు సుఖమార్గము చెప్పజూచినవారు మతప్రవక్తలే గదా యను తలంపునకు వచ్చి, బుద్ధుడు, కన్ఫ్యూషియసు, జరతుష్ట్రుడు మున్నగువారి బోధలను వస్తుముఖమున పరిశీలింపబూనినట్లు అతడే చెప్పుకొనెను. 1865లో చేసిన ఈజిప్టు యాత్ర అతనిలో ఆసక్తిని రేపగా, 1876లో ఫ్రెంచి విద్యామంత్రిత్వశాఖ ఆదేశపత్రముతో, చిత్రకారుడు ఫెలిక్స్ రెగమే తోడుగా, జపాను, చైనా, సింహళము, భారతదేశములను చుట్టివచ్చెను. జపానులో అదృష్టము అతనికి కలిసివచ్చెననుట కంటె, ఆ దేశపు బౌద్ధమునకు పట్టిన దురదృష్టము అతనికి ఉపకరించెననుట సత్యము. 1868లో మెయిజీ ప్రభుత్వము షింటో మతమును బౌద్ధమునుండి వేరుచేయగా అనేకాలయములు ఆశ్రయము గోల్పోయి, శతాబ్దముల తరబడి పూజలందుకొనిన మూర్తులు అంగళ్లకెక్కెను. గిమే సుమారు 300 చిత్రపటములను, 600 విగ్రహములను, వేయి గ్రంథములను ఫ్రాన్సునకు చేర్చెను.

అయితే, ఇంతటి ప్రాచీనసంపద చేతికందుచుండగా, అతడు ప్రత్యేకముగా ధనము వెచ్చించి కొత్తగా చేయించుకొనినది యొక ప్రతికృతి. క్యోటో నగరమునందలి తోజీ ఆలయ ప్రవచనశాలలో, కూకాయి ఆచార్యుడు 9వ శతాబ్దమున భావించిన దేవతామండలమొకటి కలదు. నడుమ వైరోచనుడు, చుట్టును బుద్ధులు, బోధిసత్త్వులు, క్రోధమూర్తులైన విద్యారాజులు, దిక్పాలకులు. ఆ మండలమునంతటిని స్థానిక శిల్పిచే చిన్న పరిమాణమున చెక్కించి తెచ్చి, 1878 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనమున నిలిపెను. ప్రాచీనతకే వెలకట్టు సేకర్తలకు ఇది వింతగా తోచును గాని, నా దృష్టిలో అతని హృదయము తెలియుటకు దీనికంటె మంచి సాక్ష్యము లేదు. విగ్రహము వయస్సు అతనికి ముఖ్యము గాదు. ఏ దేవత ఏ దిక్కున, ఎవరికి ఎడమగా, ఏ ముద్రతో కూర్చుండెననునదియే ముఖ్యము. కొండరాతికి బదులు కొలిమిలో కాల్చిన నీలము నమ్మి వృద్ధికి వచ్చిన ఇంటివాడు, మూలమునకును ప్రతికృతికిని నడుమ మనము కట్టుకొనిన గోడను గణింపకపోవుట సహజమే.

1879లో లియోన్ నగరమున తెరచిన ఆ మ్యూజియమును గిమే పిమ్మట ప్రభుత్వముతో ఒడంబడిక గావించుకొని పారిస్ నగరమునకు తరలించెను. ఇయేనా కూడలియందు గుండ్రని ముఖభాగముతో కట్టిన నూతన భవనము 1889లో ప్రారంభమయ్యెను. అది మతముల మ్యూజియము. అంతేకాదు, పాఠశాలయు, గ్రంథాలయమును, ముద్రణసంస్థయు గూడ. 1880 నుండియే దాని వార్షిక గ్రంథమాల వెలువడుచుండెను. 1891లో జపాను భిక్షువులు ఆ భవనముననే పూజ జరుపగా పారిస్ ప్రముఖులు తిలకించిరి. అద్దపుబీరువాలోని దేవత క్షణకాలము మరల దేవతయయ్యెను.

స్థాపకుని మరణానంతరము ఈ చిత్రము మారినది. 1927లో ప్రదర్శనశాల జాతీయ మ్యూజియముల పరిపాలన క్రిందికి వచ్చెను. 1945లో ఈజిప్టు వస్తువులు లూవ్రునకు పోగా, లూవ్రునందలి ఆసియాఖండపు శిల్పములు ఇచటికి వచ్చెను. మతములవారీగా నున్న అమరిక పోయి దేశకాలముల అమరిక కుదిరినది. కాంభోజ శిల్పములకు నేడు ఆ మందిరమున గల వైభవము ఈ మార్పుచేతనే సిద్ధించినదని ఒప్పుకొనవలసినదే. కాని దాని మూల్యము గిమే తెచ్చిన జపాను మూర్తులు చెల్లించెను. కళాదృష్టికి తక్కువవిగా తోచి వానిలో అధికభాగము గిడ్డంగుల చీకటిలో పడియుండెను. బెర్నార్ ఫ్రాంక్ అను పండితుడు వానిని ఓపికతో పరిశీలించి ఒక్కొక్క దేవతను గుర్తించుటచే, 1991లో సమీపభవనమున తోజీ మండలముతో సహా అవి వెలుగు చూచినవి. ఆ పరిశోధనలోనే, హోర్యూజీ ఆలయమున 13వ శతాబ్దపు అమితాభత్రయమునుండి తప్పిపోయిన మహాస్థామప్రాప్త బోధిసత్త్వుని మూర్తి గిమే సంచయములోనే బయల్పడెను. కళావిమర్శకుని చూపునుండి తప్పించుకొనిన కళాఖండమును పట్టియిచ్చినది మతజ్ఞానము!

తెలుగువారికి ఈ కథతో నొక బంధము గలదు. పుదుచ్చేరిలో ఉపాధ్యాయుడై యుండిన గాబ్రియేల్ జూవో-దుబ్రేయ్ ప్రయత్నమున 1920 దశకమున కృష్ణాతీరపు బౌద్ధశిల్పములు పారిస్ చేరినవి. స్థాపకుడు చూడని ఈ పాలనాటి సున్నపురాతి పలకలపై మారుని దండయాత్రను చెక్కిన శిల్పి, బోధివృక్షము క్రింద బుద్ధుని రూపము చూపక ఖాళీ ఆసనము మాత్రమే నిలిపెను. ఆ ప్రదర్శనశాలకే చెందిన ఫిలిప్ స్టెర్న్, మిరేయ్ బెనిస్తితో కలిసి 1961లో ప్రకటించిన అమరావతీ శైలీపరిణామ గ్రంథము, అలంకారముల క్రమభేదమును బట్టి కాలనిర్ణయము చేయ యత్నించినది. అది విలువైన కృషి. అయినను ఈ పలకలు విడివిడి చిత్తరువులుగా పుట్టలేదు. స్తూపమును చుట్టి ప్రదక్షిణము చేయు భక్తుని కుడిచేతివైపున వరుసగా సాగిపోయినవి. గిమే జీవించియుండి వీనిని చూచియుండినచో, కృష్ణాతీరపు శిల్పియొకని పిలిపించి, వేదిక, ద్వారములు, ఆయకస్తంభములు గల స్తూపపు నమూనా నొకదానిని కొత్తగా చెక్కించి, ఏ పలక ఏ చోటిదో తెలియునట్లు ఈ రాళ్ల సరసన నిలిపియుండునని నా ఊహ.