పిండినల్లి (సక్యులెంట్ మొక్కలపై)

పిండినల్లి కలబంద, ఎకెవేరియా, జేడ్ వంటి సక్యులెంట్ మొక్కల రసం పీల్చే సూడోకాక్సిడే కుటుంబపు కీటకం. కుండీల్లో తరచుగా కనిపించే జాతి ప్లానోకాకస్ సిట్రిని ప్రకృతి శాస్త్రవేత్త రిస్సో 1813లో వర్ణించాడు. రెక్కలు లేని ఆడపురుగు సుమారు 3 మి.మీ. పొడవుండి, మైనపు పొడి కప్పుకొని, దూదిలాంటి సంచిలో వందల గుడ్లు పెడుతుంది. ఆకుల మొదళ్లలో తెల్లని దూది, జిగురు, దానిపై మసి తెగులు, ముడుచుకున్న లేత ఆకులు దీని లక్షణాలు. రైజోయెకస్ ప్రజాతి పురుగులు వేర్లను ఆశిస్తాయి.

సోకిన మొక్కను విడిగా ఉంచి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో పురుగులను తుడుస్తారు. గుడ్ల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలను తొలగించడానికి వారానికోసారి మళ్లీ తుడుస్తారు. వేరు పురుగు సోకితే పాత మట్టి తొలగించి, వేర్లు కడిగి, కొత్త మట్టిలో నాటుతారు. పిండినల్లిని తినే ఆస్ట్రేలియా అక్షింతల పురుగు క్రిప్టోలీమస్‌ను 1898లో భారతదేశానికి తెచ్చారు.