కొరియోగ్రఫీ పుట్టుపూర్వోత్తరములు

నృత్యమును కూర్చువానిని నేడు లోకమంతయు కొరియోగ్రాఫరని పిలుచుచున్నది గాని, గ్రీకు భాషలో ‘ఖొరెయా’ యనగా బృందనర్తనము, ‘గ్రాఫీన్’ అనగా వ్రాయుట. కావున తొలుత ఆ పేరునకు తగినవాడు లేఖకుడే.

1589లో ఫ్రాన్సునందలి లాంగ్ర్ పట్టణమున నొక మతాచార్యుడు త్వానో అర్బో అను మారుపేరుతో ‘ఆర్కెసోగ్రఫీ’ యను గ్రంథమును వెలువరించి, స్వరముల సరసనే అడుగుల పేర్లను వ్రాసి చూపెను. సమగ్రమైన లిపి మాత్రము, స్వయముగా నర్తకుడై 1661లో రాజనృత్య పరిషత్తును నెలకొల్పిన పదునాలుగవ లూయీ కొలువున పుట్టినది. ఆయన నాట్యాచార్యుడగు పియేర్ బోషాం కల్పించిన లిపిని 1700లో రావుల్ ఓజే ఫొయ్యే ‘కొరెగ్రఫీ’ యను పేర పారిస్‌లో అచ్చువేయగా, తన సొత్తు పరులపాలైనదని ఆ వృద్ధుడు మొరపెట్టుకొనినను, గ్రంథముపై ఫొయ్యే పేరే నిలిచినది.

ఆ పుటలను చూచుట యొక వేడుక. కాగితమే రంగస్థలము, దాని పైయంచు రాజు కొలువుదీరు దిక్కు, వంపులు తిరిగిన గీత నర్తకుని దారి, ఆ గీతకడ్డముగా నున్న చిన్నగీటులు సంగీతఖండములను విభజింపగా, పాదము వంగుట, లేచుట, ఎగురుట, జారుట వేర్వేరు చిహ్నములై దానినంటి యుండును. ఇందువలన రాజధానిలో ఆడిన క్రొత్త నృత్యము దూరపు పట్టణములందలి ఆచార్యులకు పుస్తకరూపమున చేరెను. 1706లో జాన్ వీవర్ ఆ గ్రంథమును ఆంగ్లీకరించెను.

ఇక మన దేశమునకు వచ్చినచో, కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అనగా ఏనుగుబలమునకధిపతి, యగు జాయపసేనాని 13వ శతాబ్ది నడుమ సంస్కృతమున రచించిన ‘నృత్తరత్నావళి’ మార్గ (శాస్త్రీయ), దేశి (ప్రాంతీయ) నృత్తములను సూక్ష్మముగా వర్ణించును గాని, ఫలానా నృత్యమును ఆద్యంతము లిఖించుట దాని యుద్దేశము కాదు. ఆ భారమును గురుశిష్యులకే వదలినది. అయినను, చేతులను అరకొరగా, ముఖమును బొత్తిగా విడిచిన ఆ ఫ్రెంచి పుటకంటె మన సేనాని వర్ణనయే నాకు సజీవముగా దోచును.

చేతులను, ముఖమును విడిచిన ఆ లోపమే ఫ్రెంచి లిపికి చేటు తెచ్చెను. అభినయముతో కథ చెప్పు బాలే ప్రబలినకొలది గీతలు చాలవయ్యెను. 1760లో ఫ్రెంచి నాట్యాచార్యుడు నొవేర్ నృత్యమునుగూర్చిన తన లేఖలలో ఆ లిపిని నిరసించెను. లిపి మూలబడినది; పేరు మాత్రము కూర్చువాని పరమైనది. 1935లో బాలే నర్తకుడు సెర్జ్ లిఫార్, వ్రాయువాడు వేరు, సృష్టించువాడు వేరు అని వాదించి, రెండవవానికి ‘కొరెఓటర్’ అను క్రొత్తపదమును ప్రతిపాదించెను. తర్కమాయన పక్షముననే యున్నది. అయినను మరుసటి యేడే బ్రాడ్వేలో ‘ఆన్ యువర్ టోస్’ సంగీతనాటకమునకు నృత్యములు కూర్చిన జార్జి బాలంచైన్ తన పనిని కొరియోగ్రఫీ యనియే ప్రకటింపజేసికొనెను, అమెరికా ప్రేక్షకులకు ఆ మాటయే అలవాటయ్యెను.