అధమర్ణుని పద్దు

మన నిఘంటువులు అప్పిచ్చినవానిని ఉత్తమర్ణుడనీ, పుచ్చుకొన్నవానిని అధమర్ణుడనీ అన్నాయి. ఉత్తమ, అధమ శబ్దాలకు ఋణ శబ్దం చేరి ఏర్పడిన మాటలివి. రెండు చోట్లా గుణసంధి. అమరకోశంలో వైశ్యవర్గం వల్లె వేసిన వారందరికీ ఈ జంట పరిచితమే. పాణిని సైతం బాకీపడినవాని ప్రసక్తి వచ్చినప్పుడు ధనికునికి సంప్రదాన సంజ్ఞ ఇచ్చి చతుర్థీ విభక్తిని కట్టబెట్టాడు. భాషలోనే ఒకడు పైన కూర్చున్నాడు, ఒకడు క్రింద నిలబడ్డాడు. ఆ క్రిందివాడు పైవానికి ఎదురుగా కూర్చుండి తన లెక్క తాను తేల్చుకొనడం మన ప్రాంతంలో ఎలా సాధ్యపడిందో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

విదేశాలలో ఉన్న మన పిల్లలు ‘డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్’ అనే మాట వాడుతుంటారు. ఒక సంస్థ మధ్యన నిలిచి, నెలకొక మొత్తం పుచ్చుకొని, అప్పులవాళ్లందరికీ పంచిపెడుతుంది. ఇంగ్లండులో ఇది చట్టం బిగించిన ముడి కాదు గనుక ఋణగ్రస్తుడు ఎప్పుడైనా దానినుండి బయటికి రావచ్చు. వస్తే మాత్రం, ఆపిన వడ్డీని అప్పులవాళ్లు మళ్లీ మొదలుపెట్టవచ్చు. వారితో మాటలు ఇక అతడే నడుపుకోవాలి. ఇదంతా కొత్త సంగతిగా తోస్తుంది. కాని తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాల రైతులు ఇంచుమించు ఇటువంటి ఏర్పాట్లను తొంభై ఏళ్లనాడే ఎరుగుదురు. వాటిలోకి వెళ్లారు, వాటినుండి బయటికీ వచ్చారు.

1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. పశ్చిమ డెల్టా కాలువల క్రింద మాగాణి పెరిగింది, పంట అమ్మకపు సరుకైంది, దానితోపాటు అప్పు కూడా పెరిగింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేనాటికి ఈ సీమలో భూమి తాకట్టు, ప్రామిసరీ నోటు అందరికీ తెలిసిన మాటలే. 1929 తరువాత ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం కమ్ముకొని ధాన్యం ధర పడిపోయింది. ధర పడిపోయినా నోటు మీది అంకె పడిపోదు గదా! పది బస్తాలతో తీరవలసిన బాకీ ఇరవై బస్తాలు పోసినా తీరని స్థితి ఏర్పడింది. మద్రాసు రాజధానిలో రైతుల ఋణభారాన్ని విచారించిన సత్యనాథన్ 1935 నివేదికలో ఆ భారం దాదాపు 200 కోట్ల రూపాయలని అంచనా కట్టారు. తెనాలికీ బాపట్లకూ నడుమనున్న నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా రైతు ఉద్యమానికి నాయకులయింది ఈ కాలంలోనే.

ఆనాటి అప్పు భాష కొంత తెలియాలి. ‘రూపాయి వడ్డీ’ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే 24. అసలు మీదనే లెక్కకట్టేది బారువడ్డీ, వడ్డీ మీద వడ్డీ కట్టేది చక్రవడ్డీ. నోటుకు మూడేళ్లు నిండితే కాలదోషం పడుతుంది, దావాకు పనికిరాదు. ఈలోగా కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకం చేస్తే ఆ నాటినుండి మళ్లీ మూడేళ్లు. లేదా అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు తిరగవ్రాస్తారు. ఈ తిరగవ్రాతలోనే మోసమంతా దాగి ఉండేది. 1,000 రూపాయల అసలు రెండు తిరగవ్రాతలలో 1,800 అయి కూర్చుంటుంది. మొదటి వెయ్యి ఏనాటిదో బాకీదారు మరచిపోతాడు. తెలుగు పండితుడనని నా చేత నోట్లు చదివించుకొన్న పల్లెవాసులను చాలామందిని చూశాను. అంకె ఎంత అని అడిగేవారే గాని, ఆ అంకె ఎలా వచ్చిందని అడిగినవారు అరుదు.

బాకీదారుకు నాడున్న దారులలో ఒకటి ‘ఐ.పి. పెట్టడం’. మన జిల్లాలో ఈ మాట తిట్టుగా కూడా చెల్లుతుంది. ఇది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం క్రింద దివాలా అర్జీ. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటకు పొడి అక్షరాలు. 500 రూపాయలకు తక్కువ కాని అప్పుండి, తీర్చలేనివాడు కోర్టుకు వెళ్లి తన ఆస్తి, అప్పులు అన్నీ జాబితా వ్రాసి ఇస్తాడు. ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. అతడు దానిని అమ్మి అప్పులవాళ్లకు వంతులవారీగా పంచుతాడు. అంతకు ముందు రెండేళ్లలోపు బావమరిది పేరనో, భార్య పేరనో పెట్టిన ఆస్తిని కోర్టు వెనక్కు లాగవచ్చు. ఇది మధ్యవర్తి ఏర్పాటులలో కెల్లా కఠినమైనది, బాకీదారును పూర్తిగా నోరులేనివాణ్ణి చేసేది.

అయితే ఈ చట్టంలోనే బయటికి వచ్చే తలుపొకటి ఉంది. దానిని మనవారు అంతగా పట్టించుకోలేదు. దివాలాదారు తానే ఒక రాజీ ప్రతిపాదన పెట్టవచ్చు: ఇంత ఇస్తాను, ఇన్ని వాయిదాలలో ఇస్తాను అని. రుజువైన అప్పులవాళ్లలో సంఖ్యకు సగానికి మించినవారు, సొమ్ములో ముప్పాతిక వంతు గలవారు ఒప్పుకొని, కోర్టు ఆమోదిస్తే దివాలా ఉత్తర్వు రద్దవుతుంది. అనగా రిసీవరు చేతినుండి తన లెక్కను తన చేతికి తెచ్చుకొనే హక్కు 1920లోనే బాకీదారుకు ఉన్నది. దానికి కావలసినది పద్దు తెలియడం, నిజం చెప్పడం, అప్పులవాళ్లందరినీ సమానంగా చూడడం. నచ్చినవానికి రహస్యంగా ముందు చెల్లించి మూడు నెలలలోపు ఐ.పి.కి వెళితే ఆ చెల్లింపు చెల్లదని కూడా చట్టం చెబుతుంది.

రెండవ దారి 1936లో వచ్చిన మద్రాసు ఋణ రాజీ చట్టం. మధ్యపరగణాలలో 1933లోనే ఇటువంటిది పుట్టింది. బోర్డు బాకీదారునూ అప్పులవాళ్లనూ పిలిపించి, లెక్కలు దాఖలు చేయించి, ఒప్పందం కుదిర్చి వాయిదాలు కట్టేది. మంచి ఉద్దేశమే. కాని రాజీ అంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. అప్పిచ్చినవాడు మొండికేస్తే బోర్డు చేతిలో పెద్ద ఆయుధం లేదు. బాకీదారు పెద్దల ముందు చేతులు కట్టుకొని నిలబడవలసిందే. వాయిదాలు తప్పనివాడు తేలేవాడు. పంట పోయి తప్పినవాడు మొదటికి వచ్చేవాడు.

1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చింది. 1938 మార్చిలో మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం, అనగా 1938 నాటి 4వ చట్టం, అమలులోకి వచ్చింది. పెద్దలు దీనిని ‘నాలుగో యాక్టు’ అనేవారు. ఇది బోర్డులాగా బ్రతిమాలలేదు. లెక్క చేసే సూత్రాన్నే బాకీదారు చేతిలో పెట్టింది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పుకు 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ అంతా రద్దు. మిగిలిన అసలే చెల్లించాలి. అప్పటికే అసలుకు రెట్టింపు ముట్టి ఉంటే బాకీ పూర్తిగా తీరినట్లే. రెట్టింపుకు తక్కువపడిన సొమ్ము, మిగిలిన అసలు – ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతే ఇవ్వాలి. ఆ తరువాతి అప్పులకు చట్టం వచ్చేవరకు నూటికి ఏడాదికి 5 రూపాయల వడ్డీ, చట్టం వచ్చిన తరువాత చేసినవాటికి ఆరుంబావు. అన్నింటికంటె ముఖ్యం, తిరగవ్రాసిన నోటుకు మొదటి అసలే అసలు.

ఒక లెక్క చూద్దాం. 1922లో 1,000 రూపాయల అప్పు. 1928లో వడ్డీ కలిపి 1,500కు తిరగవ్రాశారు. బాకీదారు మొత్తం మీద 1,600 వడ్డీగానే చెల్లించాడు, అసలులో దమ్మిడీ తగ్గలేదు. నోటు ప్రకారం ఇంకా 1,500, దాని మీద వడ్డీ. చట్టం ప్రకారం అసలు 1,000, రెట్టింపు 2,000, ముట్టినది 1,600, మిగిలినది 400. నాలుగో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. దీనికి బోర్డు అక్కరలేదు, పెద్దమనిషి అక్కరలేదు. అప్పటికే డిక్రీ అయి ఉన్నా, దానిని సవరించమని కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. తెనాలిలో, బాపట్లలో సబ్ కోర్టులున్నాయి, రేపల్లెలో మునసబు కోర్టు ఉంది. అయితే చాలా బాకీలకు కోర్టు గడప తొక్కవలసిన పనే లేదు; పద్దు వ్రాసిన కాగితం పట్టుకొని షావుకారు అరుగు మీదికి వెళ్లి కూర్చుంటే చాలు. ఎదుట కూర్చుండడానికి అధమర్ణునికి ధైర్యమిచ్చినది దయ కాదు, లెక్క.

ఈ రెట్టింపు సూత్రం శాసనసభలో కొత్తగా పుట్టినది కాదు. ఒక్కసారిగా పుచ్చుకొనే వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి చెప్పింది. ధర్మశాస్త్ర వ్యవహారంలో దానినే దామదుపట్టు అంటారు. ఆ స్మృతిలోనే వర్ణాన్ని బట్టి వడ్డీ పెంచిన అన్యాయమూ ఉన్నదని మరువరాదు. అన్యాయం 1938లోనూ వేరొక రూపంలో మిగిలింది. ఆ చట్టంలో వ్యవసాయదారుడు కావాలంటే అమ్ముకొనదగిన భూమిహక్కు ఉండాలి. అందుచేత సెంటు భూమి లేని కూలీకీ, చేతివృత్తులవారికీ ‘నాలుగో యాక్టు’ వర్తించలేదు. వ్యవసాయ కూలీలను, గ్రామీణ వృత్తిదారులను, చిన్న రైతులను ఋణవిముక్తులను చేసే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1977లో గాని రాలేదు. రేపల్లెకు ఎదుటి ఒడ్డున దివిసీమను ఉప్పెన ముంచిందీ ఆ ఏడాదే, నవంబరు 19న.

తరువాతి మధ్యవర్తి సూక్ష్మఋణ సంస్థల గుంపు. వారం వారం కిస్తీ, ఒకామె కట్టకపోతే తక్కిన ఆడవాళ్లంతా ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. ఇక్కడ అప్పులవాడు కనిపించడు, కనిపించేది పొరుగింటి వదినే. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో అది చట్టమైంది. ఇంటి మీదికి వచ్చి వసూలు చేయరాదు, కిస్తీలు వారానికి కాక నెలకు, అసలుకు రెట్టింపు ముడితే బాకీ తీరినట్లే! 1938 సూత్రం మళ్లీ ప్రత్యక్షమైంది. అయితే రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఆ సూత్రాన్ని చేతబట్టుకొని నేటి బ్యాంకు మీదికి వెళ్లరాదు.

మరి నేడు మధ్యవర్తిని వదిలి తానే మాట్లాడదలచినవానికి ఈ చరిత్ర ఏమి చెబుతుంది? మొదట పద్దు: ఎవరికి, ఎన్నడు, అసలెంత, ముట్టినదెంత. నోటు వెనుక చెల్లు వ్రాసే ముందు ఆ సంతకంతో మరి మూడేళ్లు ఆయుష్షు పోస్తున్నామని తెలిసి వ్రాయాలి. ఇవ్వగలిగినంతే ఒప్పుకోవాలి. ఒప్పందం కాగితం మీదికి వచ్చిన పిమ్మటే సొమ్ము చేతులు మారాలి. తీరిననాడు నోటు వెనక్కు పుచ్చుకోవాలి. బ్యాంకులు రాజీ పరిష్కారాలు చేసుకొనే విధానాన్ని రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో క్రోడీకరించింది. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదని 2022లోనే చెప్పింది. 1987 చట్టం క్రింద లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి డిక్రీ విలువ ఉంటుంది. దాని మీద అప్పీలు లేదు. దుర్బుద్ధి లేక కేవలం పేదరికం వల్ల బాకీ తీర్చలేనివానిని జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. ఈ ఒక్క సంగతి తెలియక ఊరు విడిచినవారున్నారు, ప్రాణమే విడిచినవారున్నారు.

శ్రీనాథ కవిసార్వభౌముని కథ తెలియనివారెవరు? బొడ్డుపల్లెను గుత్తకు పుచ్చుకొని, పంటను కృష్ణవేణమ్మ కొనిపోగా, 700 టంకాలు కట్టలేక, ఎండలో భుజాన బండ మోసి నిలబడ్డాడని ఆయన పేర ప్రచారంలో ఉన్న చాటువు చెబుతుంది. కనకాభిషేకం పొందిన నోరు ఆ బాకీ ముందు పనికిరాలేదు. ఆయన మన డెల్టా కౌలురైతులకు పూర్వీకుడు. నేటి కౌలురైతుకు సాగుదారు హక్కు పత్రం ఇవ్వడానికి 2019లో చట్టం వచ్చింది. భూయజమాని సంతకం ఉంటేనే పత్రం, పత్రం ఉంటేనే బ్యాంకు అప్పు. సంతకం దొరకనివాడు రెండు రూపాయల వడ్డీకే పోతాడు. 1938లో సెంటు భూమి లేనివానిని గడప బయట నిలబెట్టిన చట్టమూ, నేడు సంతకం లేనివానిని నిలబెట్టిన చట్టమూ ఒకే మాట అంటున్నాయి: నీ లెక్క సరే, నీవెవరు?

బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల పెట్టారు. పంట లెక్క అక్కడ చెబుతారు. అప్పు లెక్క బడిలోనే చెప్పాలి. బారువడ్డీ, చక్రవడ్డీ పాఠంలో ‘రాముడు సోముని వద్ద’ అని మొదలయ్యే లెక్క ఉంటుంది గదా, దాని ప్రక్కనే ఒక నిజమైన నోటు నకలు, దాని వెనుక ఒక చెల్లు, ఒక తిరగవ్రాత ఉంచితే చాలు. మీ ఇళ్లలో పాత కాగితాల కట్టలలో ‘నాలుగో యాక్టు’ నాటి నోట్లు గాని, పద్దు పుస్తకాలు గాని ఉంటే పారవేయకండి. కవుల వ్రాతప్రతులంత విలువైనవే అవి కూడా.